గ్రహణము లేని నాటి రోకలి



ఈ సాయంకాలము మీతో ముచ్చటించుటకు నేను వెంట తెచ్చుకొన్న విషయము ఒక రోకలి. అవును, రోకలియే. మా నాయనమ్మ చేతులలో ఎన్నో సంక్రాంతులు చూచినది, క్రింది కొనకు ఇనుప పొన్ను తొడిగినది, ఇంటింట బియ్యము దంచుకొను దినములు గతించిన పిమ్మట ముప్పది ఏండ్లుగా మా యింటి అటకమీద పాత ట్రంకుపెట్టె ప్రక్కన ఎవరికిని పనికిరానిదై పడియున్నది. దానిని మేము క్రిందికి దింపిన దినము 2019 డిసెంబరు 26. ఆనాడు సూర్యగ్రహణము.

కేరళలోను తమిళనాడులోను కొన్ని తావులవారికి ఆనాడు సూర్యుడు బంగారు కంకణమువలె కనిపించెను. మా గుంటూరువారికి అంత భాగ్యము లేదు, మాకు పాక్షికమే. అయినను ఇంటిలో ఆచారమునకు లోటు రాలేదు. తెల్లవారకమునుపే మా అమ్మ ఊరగాయ జాడీలమీదను పాలగిన్నెమీదను దర్భలు వేసినది. పట్టుస్నానములైనవి. ఎనిమిది గంటలు దాటినది. గ్రహణము పట్టినది. అంతలో పొరుగింటి ఆమె చేతిలో ఫోను పట్టుకొని గబగబ వచ్చి, “పిన్నిగారూ, ఇది చూశారా? ఊరూరా రోకళ్లు వాటంతటవే నిలబడుతున్నాయిట!” అన్నది.

ఆ ఫోనులో ఒక చిత్రము. ఇత్తడి పళ్లెము. అందులో పసుపునీళ్లు. నడుమ నిటారుగా నిలిచిన రోకలి. చుట్టును చేతులు జోడించిన జనము. దాని క్రింద నాలుగు పంక్తుల వ్యాఖ్యానము: సూర్యచంద్రులు ఒకే వరుసకు వచ్చినందున భూమి ఆకర్షణ మారుననియు, ఆ మార్పుచేత రోకలి నిలుచుననియు, గ్రహణము విడిచిన క్షణముననే పడిపోవుననియు, ఈ రహస్యము మన పూర్వులు ఎరుగుదురనియు.

మా అమ్మకు ఇది క్రొత్త కాదు. “మా చిన్నప్పుడు మబ్బు పట్టి సూర్యుడు కనపడకపోతే, గ్రహణం పట్టిందో విడిచిందో రోకలి పెట్టే చూసేవాళ్లంరా” అన్నది. ఇంకేమున్నది? అటకమీది రోకలి దిగినది. పళ్లెము వచ్చినది. పసుపునీళ్లు వచ్చినవి. అమ్మ రెండు చేతులతో రోకలిని పట్టుకొని, ఊపిరి బిగబట్టి, పసిపిల్లను ఉయ్యాలలో పరుండబెట్టి చేతులు తీసికొను తల్లివలె మెల్లమెల్లగా వ్రేళ్లు సడలించినది. మొదటిసారి ఒరిగినది. రెండవసారి ఒరిగినది. మూడవసారి, శ్రోతలారా, నిలిచినది!

కన్నులార చూచి చెప్పుచున్నాను. నిలిచినది. పొరుగింటి ఆమె చెంపలు వేసికొన్నది.

మా పై వాటాలో ఒక కంప్యూటరు ఇంజనీరు కాపురమున్నాడు. బుద్ధిమంతుడు, చదువరి. క్రింది కోలాహలము విని మెట్ల నడుమవరకు వచ్చి, అక్కడినుండియే, “అదంతా ట్రిక్కండీ మాస్టారూ! అడుగున మైనమో జిగురో పెడతారు. రోకలి దానంతటది నిలబడటం అసంభవం. ఫిజిక్సు ఒప్పుకోదు” అని చెప్పి, మిగిలిన మెట్లు దిగకుండనే తిరిగి పైకి పోయెను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. మా వసారాలో ఆ ఉదయమున రెండు అభిప్రాయములు వెలువడినవి. ఒకటి నమ్మిన అభిప్రాయము. ఒకటి నవ్విన అభిప్రాయము. ఒకటి ఫోనులోనుండి వచ్చినది. రెండవది మెట్లమీదినుండి వచ్చినది. మొదటిది అజ్ఞానమనియు రెండవది విజ్ఞానమనియు మనము వెంటనే పేర్లు పెట్టుదుము. కాని చూడుడు: పొరుగింటి ఆమె గ్రహణము లేని నాడు ఒక రోకలిని నిలబెట్టి చూడలేదు. ఇంజనీరో, గ్రహణమునాడు ఎదుట నిలిచియున్న రోకలినైనను నాలుగు మెట్లు దిగి చూడలేదు. నమ్మినామెయు చూడలేదు, నవ్వినవాడును చూడలేదు. రేడియోలో చెప్పిన మాటను వెనుకకు త్రిప్పి చదువుకొనుటకు వీలులేదు గనుక, మరియొకసారి చెప్పెదను. నమ్మినామెయు చూడలేదు, నవ్వినవాడును చూడలేదు.

మరి గ్రహణము విడిచిన క్షణమున రోకలి పడిపోయెనా అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పడనిచ్చినవారు ఎవరు? విడుపు సమయము కాగానే, అది ఒరిగి ఎవరి కాలిమీద పడునో యని మా అమ్మయే దానిని తీసి, కడిగి, గోడకు చేరవేసి స్నానమునకు వెళ్లినది. ఎన్ని యిండ్లలో ఇట్లే జరిగియుండునో ఊహించుకొనుడు. నిలిచిన రోకలికి సాక్షులు కావలసినంతమంది. పడిన రోకలికి సాక్షి లేడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను ముప్పది ఏండ్లు బడిలో తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. భౌతికశాస్త్రము నా విషయము కాదు. అయినను, గోడకు చేరియున్న ఆ రోకలి నన్ను పిలుచుచున్నట్లే యుండెను. మరునాడు శుక్రవారము. కాఫీ త్రాగితిని. అదే పళ్లెము తెచ్చితిని. అవే పసుపునీళ్లు పోసితిని. అదే చోట రోకలిని పెట్టితిని. వదలితిని. పడినది. మరల పెట్టితిని. మరల పడినది. పది పర్యాయములు, పదునైదు పర్యాయములు. మా అమ్మ పూజగదిలోనుండి నవ్వుచు, “గ్రహణం అయిపోయిందిగా, ఇక నిలబడదులేరా” అన్నది. నాకును అట్లే తోచినది. సంగతి తేలిపోయినదని లేవబోయితిని.

లేవబోవుచుండగా ఒక విషయము స్ఫురించినది. క్రిందటి దినమున మా అమ్మ చేతులు ఎట్లు కదలినవి? నా చేతులు నేడు ఎట్లు కదలుచున్నవి? ఆమె, తప్పక నిలుచునను నమ్మకముతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క వ్రేలును తీసినది. నేను, ఇది నిలుచునా యను అనుమానముతో, సగము విసుగుతో, చేతులు చటుక్కున లాగుకొనుచుంటిని. అంతే భేదము. మఠము వేసికొని కూర్చుంటిని. అమ్మ చేసినట్లే చేసితిని. రోకలి నిలిచినది. ఆకాశమున సూర్యుడు నిండుగా వెలుగుచున్నాడు; గ్రహణము లేదు, దాని ఛాయయు లేదు; మా రోకలి మాత్రము ధ్వజస్తంభమువలె నిలిచియున్నది.

“అమ్మా, ఇటు చూడు” అంటిని. ఆమె వచ్చి చూచి, కొంత ఆలోచించి, “నిన్నటి ప్రభావం ఇంకా కొంచెం మిగిలుందేమో” అన్నది. శనివారమును నిలబెట్టితిని. ఆదివారమును నిలబెట్టితిని. అప్పటినుండి ఆమె ఈ విషయమున మాటలాడుట మానినది.

ఇందులోని కిటుకు స్వల్పము. రోకలి పొన్ను అడుగు చదునుగా నుండును. రోకలి బరువంతయు ఏ బిందువున కూడియున్నదని భావింతుమో, ఆ బిందువునుండి నిట్టనిలువుగా క్రిందికి గీసిన గీత ఆ పొన్ను వెడల్పులోపల పడినంతసేపు రోకలి నిలుచును. వెలుపల పడినచో పడును. నాలుగడుగుల రోకలికి రెండంగుళముల పొన్ను ఉన్నదనుకొనుడు. అది ఏ వైపునకైనను సుమారు రెండున్నర డిగ్రీలవరకు ఒరుగవచ్చును. గడియారములో నిమిషముల ముల్లు అరనిమిషములో జరుగునంతకూడ లేదు ఆ చోటు. ఆ సన్నని చోటులో దానిని వదలుటకు కావలసినది ఓపిక. గ్రహణమునాడు ఆ ఓపిక మన చేతులకు దానంతటది వచ్చును. మామూలు దినమున రాదు.

ఆకర్షణ మాటయు చూతము. సూర్యచంద్రులు ఒకే దిక్కున నిలిచి భూమిని లాగుట గ్రహణమునాటి వింత కాదు. ప్రతి అమావాస్యకును ఉన్నదే. అందుచేతనే మా బాపట్ల దగ్గర సూర్యలంక తీరమున అమావాస్యకు, పున్నమికి కెరటము పొడుగు సాగును. ఆ లాగుడే రోకలిని నిలబెట్టునదైనచో, నెలనెలకు అమావాస్యనాడు మన యిండ్లలో రోకళ్లే కాదు, చీపుళ్లును, గొడుగులును నిలిచియుండవలెను.

చీపురు అనగానే జ్ఞాపకము వచ్చినది. రోకలి మన తెలుగువారి సొత్తని నేను అనుకొనుచుండగా, నెలన్నర తిరుగకముందే, 2020 ఫిబ్రవరి 10వ తేదీని, అమెరికాలో చీపుళ్లు నిలబడినవి! నాసావారే చెప్పినారట, ఆ ఒక్క దినమున మాత్రమే భూమి ఆకర్షణ అనుకూలముగా నుండి చీపురు నిలుచునని. నాసావారు అట్లు చెప్పలేదు. అయినను ఇంటింట చీపుళ్లు నిలిచినవి; చిత్రములు దేశములు దాటినవి. అప్పుడు నాసావారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. వారు పెద్ద ఉపన్యాసము చెప్పలేదు. ఆల్విన్ డ్రూ అను వ్యోమగామియు, సారా నోబుల్ అను శాస్త్రవేత్తయు మరునాడు, అనగా 11వ తేదీని, ఒక చీపురు తీసికొని అందరును చూచుచుండగా మరల నిలబెట్టిరి. అంతే. నిన్న నిలిచినది, నేడును నిలిచినది. మా గుంటూరు వసారాలో ఒక తెలుగు మాస్టారు చేసిన పనియు అదియే గదా యని నాలో నేను కొంత గర్వించిన మాట దాచను.

అయితే ఆ గర్వము ఎంతోకాలము నిలువలేదు. నాకంటె, నాసావారికంటె డెబ్బది ఏండ్లకు ముందే ఈ పని చేసినవాడు జపానులో ఉండెను. ఆయన పేరు ఉకిచిరో నకాయా. హొక్కైడో విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. 1936లో, ప్రయోగశాలలో మానవుని చేత మొట్టమొదటిసారిగా మంచు స్ఫటికములను పెంచినవాడు. జపానువారి పంచాంగము ప్రకారము ఫిబ్రవరి మొదటివారమున వసంతారంభదినము ఒకటి వచ్చును. 1947లో ఆ దినమున కోడిగ్రుడ్డు నిటారుగా నిలుచునను వార్త పత్రికలలో వచ్చెను. చైనాలో ఎన్నాళ్లుగానో ఉన్న మాటయట అది. గ్రుడ్లు నిజముగనే నిలిచినవి. జనులు ఆశ్చర్యపడిరి. ఏవేవో కారణములు చెప్పిరి.

నకాయా ఏమి చేసెను? తన యింటిలో ఒక మామూలు దినమున గ్రుడ్డు తీసికొని బల్లమీద నిలబెట్టి చూచెను. కొన్ని నిమిషములు ఓపిక పట్టవలసివచ్చినది. నిలిచినది! గ్రుడ్డు పెంకుమీద కంటికి ఆనని చిన్న చిన్న బొడిపెలు ఉండును. వానిలో మూడు బల్లకు ఆనినచో ముక్కాలిపీటవలె గ్రుడ్డు కూర్చుండును. ఏ దినమైనను ఒకటే. ఆయన దీనినిగూర్చి ఒక చక్కని వ్యాసము వ్రాసెను. అందులో ఆయనకు విస్మయము కలిగించినది గ్రుడ్డు నిలుచుట కాదు. ఏ దినమైనను నిలువగల గ్రుడ్డును, నిలువదని లోకమంతయు తలచి, నిలబెట్టి చూచుటయే మానినదే, అదియే ఆయనకు విస్మయము. గ్రుడ్డు నిలువదనుట మనకు ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. మనకు తోచినది. తోచినది గనుక ప్రయత్నింపలేదు. ప్రయత్నింపలేదు గనుక, వసంతారంభమున ఒకనాడు నిలువగానే అద్భుతమైనది.

మా ఇంజనీరు మెట్లమీదినుండి పలికిన “అసంభవం” అను మాట నాకు ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. రోకలి నిలువదని అతనివలె అందరును తలచుటవలననే, నిలిచిన రోకలి పొరుగింటి ఆమెకు మహిమగా కనిపించినది. నమ్మిన అభిప్రాయమునకు పునాది వేసినది నవ్విన అభిప్రాయమే!

నేనేదో ఇతరుల తప్పులు మాత్రమే చెప్పుచున్నానని మీరు అనుకొనకుండునట్లు, నా సంగతియు చెప్పవలెను. కొన్ని ఏండ్ల క్రిందట ఒక దీపావళి రాత్రి నా ఫోనుకు ఒక చిత్రము వచ్చినది. అంతరిక్షమునుండి తీసిన భారతదేశము. నల్లని నేపథ్యముమీద దేశమంతయు ఎర్రని, నీలపు, పచ్చని, తెల్లని దీపములతో తళతళలాడుచున్నది. కాశ్మీరమునుండి కన్యాకుమారివరకు దీపావళి! నాకు కన్నులు చెమరించినవి. ఒక్క నిమిషమైనను ఆలోచింపక, ఆ చిత్రమును అమెరికాలోనున్న మా అబ్బాయికి పంపి, “ఎంత దూరాన ఉన్నా మన దేశం ఎలా వెలుగుతోందో చూడు నాయనా” అని వ్రాసితిని. వాడు మర్యాదస్థుడు. ఒక దినము ఊరకుండి, తరువాత చెప్పినాడు. అది ఒక రాత్రి తీసిన చిత్రము కాదు. 1992 మొదలు 2003 వరకు ఉపగ్రహములు గ్రహించిన వెలుగులను ఒకదానిపై నొకటి పేర్చి, ఏ ఏండ్లలో ఏ ఊళ్లలో క్రొత్తగా విద్యుద్దీపములు వచ్చినవో తెలియుటకు రంగులు వేసిన పటము. ఆ ఎర్రని చుక్కలు ప్రమిదలు కావు. పెరుగుచున్న పట్టణముల శివారులు.

2012 దీపావళి వేళ, నవంబరు 12వ తేదీ రాత్రి, ఉపగ్రహము తీసిన నిజమైన చిత్రమును నాసావారు ప్రకటించినారు. అందులో మన దేశము మామూలు రాత్రి వెలిగినట్లే వెలుగుచున్నది. మన ప్రమిదల కాంతియు, మన మతాబాల కాంతియు అంతరిక్షమునుండి చూచినచో పట్టణముల నిత్యదీపకాంతిలో కలిసిపోయి కనబడనంత సూక్ష్మమైనది. నిజము చెప్పవలెనన్న, మొదట కొంచెము చిన్నబోయితిని. ఆ పిమ్మట, మా వీధిలో ప్రతి గుమ్మమున వెలుగుచున్న ప్రమిదలను మా వీధివారము మాత్రమే చూడగలము గదా యను తలంపు నాకు కొంత ఊరట నిచ్చినది.

అయితే, ఆ చిత్రమును ఇంకొక రాత్రి చిత్రముతో పోల్చి చూడవలెనని నాకు ఏల తోచలేదు? దీపావళి లేని రాత్రి దేశము ఎట్లు కనబడునో చూడకయే, దీపావళి రాత్రి ఎంత వెలిగినదో నేనెట్లు చెప్పగలిగితిని? గ్రహణము లేని నాడు రోకలిని నిలబెట్టకయే, గ్రహణమే నిలబెట్టినదని పొరుగింటి ఆమె అన్నట్లే! తప్పు ఒకటే. ఆమె పళ్లెము ఇత్తడిది. నా పళ్లెము గాజుది, చేతిలో ఇముడునది.

ఒక్కొక్కప్పుడు నిజమే నడకలో కాలు విరిగి అబద్ధమగును. 2003 ఆగస్టు 27వ తేదీని అంగారకుడు భూమికి మిక్కిలి సమీపమునకు వచ్చెను. సుమారు 60,000 సంవత్సరములలో అంత దగ్గరకు రాలేదు. అప్పుడు ఒక లేఖ బయలుదేరినది. 75 రెట్లు పెంచి చూపు దూరదర్శినిలో చూచినచో, అంగారకుడు మామూలు కంటికి కనబడు పూర్ణచంద్రునంత ఉండునని అందులో ఉన్నది. ఆ మాట నిజము. కాని చేతులు మారుటలో దూరదర్శిని జారిపోయినది, చంద్రుడు మిగిలినాడు. ఆ తేదీకి ఆకాశములో ఇద్దరు చంద్రులు కనిపింతురను వార్త, ఆ తరువాత ఏటేట ఆగస్టు మాసమున, వినాయకచవితికి కొంచెము ముందుగా, మన యిండ్లకు తప్పక వచ్చుచునే యున్నది. మేడమీదికి ఎక్కి తలయెత్తి చూచినచో తీరిపోవు సందేహము. ఎక్కువారు లేరు, పంపువారే.

ఊరక అభిప్రాయములు చెప్పుట నేరమని నేను అనుట లేదు. అది లేనినాడు బ్రదుకు చప్పిడి. మా ఊరి రచ్చబండమీద నా చిన్ననాట వినని అభిప్రాయము లేదు. చంద్రునిమీదికి మనిషి పోయినాడా లేదా, రసాయనపు ఎరువు వేసిన వంకాయకు రుచి యుండునా యుండదా, రైలుబండి వచ్చిన తరువాతనే వానలు తగ్గినవా, అన్నిటికిని అక్కడ సమాధానము దొరకెడిది. కాని రచ్చబండకు ఒక గుణమున్నది. చెప్పినవాడు మరునాడును అక్కడనే కూర్చుండును. “ఏమయ్యా, నిన్న రాత్రి వాన కురుస్తుందంటివే?” అని అడుగుటకు నలుగురుందురు. అతడు తల గోకికొనును. ఏదో సాకు చెప్పును. అందరును నవ్వుదురు. మరియొకసారి వాననుగూర్చి చెప్పునప్పుడు ఒక్క క్షణమైనను ఆకాశమువైపు చూచును. ఫోనులో వచ్చు అభిప్రాయమునకు ఆ మరునాడు లేదు. చెప్పినవాడు ఎవడో తెలియదు; తెలిసినను దొరకడు; దొరికినను అతనికి ఎవరో పంపినారు. మరునాటికి ఆ మాట అడుగునకు పోయి, క్రొత్త మాట పైకి వచ్చును.

మరునాడు. ఈ మాటను మనసులో ఉంచుకొనుడు. దీనికొరకే మిమ్మును ఇంతసేపు కూర్చుండబెట్టితిని.

1868 ఆగస్టు 18వ తేదీని మా గుంటూరుమీదుగా సంపూర్ణ సూర్యగ్రహణము పోయినది. అయిదు నిమిషములకు మించిన అంధకారము. దానిని చూచుటకు సముద్రములు దాటి పండితులు వచ్చిరి. మదరాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమున విడిసెను. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి నిజాము రాజ్యములోని వనపర్తికి పోయెను. ఫ్రాన్సు దేశమునుండి పియరె జాన్సెన్ అను ఆయన వచ్చి, గుంటూరులో తమ దేశపు వర్తకుడొకని యింట దిగి, అక్కడనే తన సాధనములను అమర్చుకొనెను.

అప్పటికి ఖగోళవేత్తలకు ఒక చిక్కు ఉండెను. గ్రహణసమయమున సూర్యబింబము మూసికొనగా, అంచున ఎర్రని జ్వాలలవంటివి కనిపించును. అవి ఏమిటి? వాయువులా, మరియొకటియా? తెలిసికొనుటకు సంపూర్ణగ్రహణము రావలెను. వచ్చినను నాలుగైదు నిమిషములే. ఆ నిమిషములకొరకు ఏండ్లు వేచియుండవలెను. మబ్బు పట్టెనా, అంతయు వ్యర్థము.

జాన్సెన్ ఆనాడు గుంటూరులో, కాంతిని రంగులుగా విడదీసి చూపు యంత్రమును ఆ జ్వాలలవైపు త్రిప్పెను. మెరుగు గీతలు కనిపించినవి. జ్వాలలు మండుచున్న వాయువులే. అందు ముఖ్యమైనది ఉదజని. ఇంతవరకు ఇతరులును చూచిరి. ఆయనకు మాత్రము ఇంకొక ప్రశ్న కలిగినది. ఈ గీతలు ఇంత ప్రకాశవంతములై యున్నవే! గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునేమో?

చూచితిరా! గ్రహణము లేకున్నను!

మరునాడు 19వ తేదీ. గ్రహణము లేదు. గుంటూరులో ఎప్పటివలె ఆగస్టు మాసపు సూర్యుడు ఉదయించెను. జాన్సెన్ తన యంత్రమును సూర్యుని అంచువైపు త్రిప్పెను. పూర్ణసూర్యుడు వెలుగుచుండగనే ఆ గీతలు కనిపించినవి. లోకము ఏండ్లతరబడి వేచియుండి నాలుగు నిమిషములు చూచుచుండిన దానిని, ఆయన గుంటూరులో దినదినమును చూచుటకు మొదలిడెను. ఆయన లేఖ పారిస్ చేరునప్పటికి, ఇంగ్లండులో లాకియర్ అను ఆయనయు ఆ పద్ధతినే స్వతంత్రముగా కనుగొనెను. ఇద్దరి వార్తలును ఒకే దినమున అక్కడి విద్వత్సభకు అందినవి. ఇద్దరి ముఖములను చెక్కి ఒకే పతకము వేసిరి.

ఇక్కడ మా ఊరివారికి కొంచెము కష్టము కలిగించు మాట ఒకటి చెప్పక తప్పదు. “హీలియం మా గుంటూరులోనే దొరికిందండీ” అని మేము గొప్పగా చెప్పుకొందుము. నేనును సభలలో చెప్పితిని, చప్పట్లు కొట్టించుకొంటిని. ఆ గ్రహణమునాడు కనబడిన గీతలలో పసుపుపచ్చని గీత ఒకటి ఉన్న మాట నిజము. అది మామూలు సోడియపు గీతకు సరిగా కలియుట లేదని మచిలీపట్టణమున పాగ్సన్ గుర్తించెననియు చెప్పుదురు. కాని అది భూమిపై ఎరుగని క్రొత్త మూలకమను ఊహ తరువాత లాకియర్ వలన వచ్చినది. ఆ మూలకము భూమిపై దొరకినది 1895లో, రామ్సే అను శాస్త్రవేత్త చేతికి. గుంటూరులో జరిగినది అది కాదు. గుంటూరులో జరిగినది, గ్రహణము లేని నాడు ఒక మనుష్యుడు మరల చూచుట. నా మటుకు నాకు ఇదియే ఎక్కువ ఇష్టము. అయినను చప్పట్లు హీలియమునకే ఎక్కువగా వచ్చును, ఏమి చేయుదుము!

నాకు నేను క్షమించుకొనలేని గ్రహణము ఒకటున్నది. 1980 ఫిబ్రవరి 16. ఆనాడును సంపూర్ణగ్రహణము తెలుగుదేశముమీదుగా పోయినది. జపాల్ రంగాపురము వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు అమర్చుకొని కూర్చుండిరి. మేము తలుపులు బిగించి, కిటికీలకు దుప్పట్లు కట్టి కూర్చుంటిమి. వీథిలో కుక్క తిరిగిన చప్పుడైనను లేదు. నేను బాలుడను. ఒక సందునుండి గోడమీద పడుచున్న సన్నని వెలుగు మసకబారుట చూచితిని. మా అమ్మ దానిని కూడ గుడ్డతో మూసినది. భయము ఆమెది, ఆమెకు చెప్పినవారిది, వారికి చెప్పినవారిది. ఇప్పుడు అడిగినచో, “ఏమో రా, అందరూ అన్నారు” అనును.

రోకలి తిరిగి అటక ఎక్కలేదు. వసారాలో, చెప్పుల అలమార ప్రక్కన, గోడకు చేరియున్నది. మా వీధి పిల్లలకు అది ఆటవస్తువైనది. దానిని నిలబెట్టుటలో మా ఇంజనీరు ఇప్పటికిని కృతార్థుడు కాలేదు. నాలుగేండ్ల క్రిందట ఒక సాయంకాలమున ఆయన మెట్లు పూర్తిగా దిగివచ్చి, చొక్కా చేతులు మడిచి, అరగంట శ్రమపడి, “చేతులు వణుకుతున్నాయండీ మాస్టారూ” అని లేచిపోయెను. ఆయన కుమార్తెకు మాత్రము చక్కగా వచ్చును. 2019 గ్రహణమునాటికి ఆ పిల్ల పుట్టనైనను లేదు. పొడుగున తనకంటె పెద్దదైన రోకలిని కౌగిలించుకొని, నాలుక కొంచెము బయటపెట్టి, మెల్లగా చేతులు తీసి, రెండడుగులు వెనుకకు వేసి నిలుచును.

క్రిందటి ఆదివారము అట్లే నిలబెట్టి, నావైపు తిరిగి, “తాతగారూ, ఇవాళ అమావాస్య కూడా కాదు కదా?” అని అడిగినది.

లేచి గోడమీది క్యాలెండరు చూచితిని. కాదు. ఆనాడు ఏకాదశి.